దూరప్రయాణములందు నిత్యలింగార్చన



ఒకప్పుడు మన యిండ్లలో ప్రయాణమనగా శ్రీశైలయాత్రయో, బంధువుల పెండ్లియో, పొరుగూరి సంతయో అయి యుండెడిది. నాలుగు దినములలో మరల ఇల్లు చేరుట నిశ్చయము. నేడట్లు కాదు. ఒక యింటి కుమారుడు లారీ నడుపుచు మాసమునకు ఇరువది దినములు దారిమీదనే యుండును. మఱియొక యింటి కుమారుడు దుబాయిలో కూలిపని చేయుచు రెండేండ్ల కొకసారి ఊరు చూచును. అమెరికాలోని కుమార్తె ప్రసవమునకై తల్లి వెళ్లి, ఆరు మాసములు అచ్చటనే యుండును. ఉద్యోగవిరమణ చేసినవారు కాశీ కేదారములకు నెలల తరబడి యాత్ర చేయుదురు. వీరందఱు మఠములందును, పెద్దలయొద్దను అడుగు ప్రశ్న యొక్కటే: "ప్రయాణములో లింగపూజ యెట్లు సాగును? ఇల్లు చేరిన పిమ్మట చేసికొనిన చాలదా?"

ఈ ప్రశ్నలో కపటము లేదు. నిజమైన చిక్కే కలదు. నీరు దొరకదు, ఏకాంతము దొరకదు, పత్రి దొరకదు, వేళ కుదురదు. అయినను ప్రయాణమున నిత్యవిధిని విడుచుట మనకేల తగదో, దానిని విడువకుండ నిలుపుకొను మార్గమెట్టిదో ఈ పాఠమున విచారింతము.

లింగము దేహముపై నుండుటలోని భావము

దేవాలయమందలి స్థావరలింగమును అర్చింపగోరువాడు అచ్చటికి పోవలయును. ద్వారము తెఱచియున్న వేళ చూడవలయును. అర్చకుని కొఱకు కాచియుండవలయును. ఇష్టలింగ మట్టిది కాదు. దీక్షాకాలమున గురువు శిష్యుని కరమందుంచి, దేహమునకు కట్టి యిచ్చిన లింగమిది. దీనికి గర్భగుడి మన వక్షఃస్థలము. దీనికి పానవట్టము మన యెడమ అరచేయి. దీనికి అర్చకుడు మనమే. స్త్రీయైనను, పురుషుడైనను, బాలుడైనను, వృద్ధుడైనను లింగధారియైన ప్రతివాడును తన లింగమునకు తానే పూజారి.

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడును తక్కిన శరణులును ఈ లింగధారణమునకే ప్రాధాన్యము నిచ్చిరి. దేహమే దేవాలయమని బోధించిరి. గుడి కట్టింపలేని బీదవానికిని, గుడిలోనికి రానీయబడనివానికిని, ఒకచోట నిలకడలేక తిరుగువానికిని దేవుడు దూరము కారాదనుట వారి యాశయము. కావున "ప్రయాణములో పూజకు చోటు లేదు" అను మాట ఇష్టలింగ విషయమున చెల్లదు. ఎచ్చట అరచేయి కలదో అచ్చట చోటు కలదు. చోటు కొఱత తీర్చుటకే ఈ లింగము మనకు ఈయబడినది.

రెండవ యాక్షేపము శుచిని గూర్చినది. "రైలుపెట్టెలో ఎవరెవరో కూర్చుండిన బల్లమీద, మైలబట్టలతో, ఎట్లు పూజ చేయుదుము?" అని కొందఱందురు. వీరశైవ సంప్రదాయము లింగధారికి పంచసూతకములు లేవని చెప్పుచున్నది. జనన, మరణ, రజః, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు అను నయిదును లింగార్చనమునకు అడ్డు కావు. ఇంటిలో మరణము సంభవించిన దినమునను ఆగని పూజ రైలుబల్లను చూచి ఆగుట యేమి న్యాయము? స్నానమునకు అవకాశమున్నచోట స్నానము చేయవలసినదే. పరిశుభ్రత అందఱికిని మేలు. కాని నీరు దొరకనిచోట ముఖము, చేతులు, పాదములు కడుగుకొని, అదియు కుదురనిచో తడిగుడ్డతో తుడుచుకొని, విభూతి ధరించి పూజకు కూర్చుండవచ్చును.

బాటసారులైన శరణులు

మన పూర్వుల చరిత్రమును చూచితిమేని, వారిలో అనేకులు బాటసారులే. బసవేశ్వరుడు బాగేవాడిలో జన్మించి, ఇల్లు విడిచి కూడలసంగమము చేరెను. అటనుండి మంగళవాడకు, పిదప కల్యాణమునకు పోయెను. కూడలసంగమమున మలప్రభను కలుపుకొను కృష్ణవేణియే దిగువకు ప్రవహించి, శ్రీశైలము క్రింద పాతాళగంగయై మనకు దర్శనమిచ్చుచున్నది. ఆ శ్రీశైలమునకే అక్కమహాదేవి ఉడుతడినుండి బయలుదేరి, కల్యాణము మీదుగా, సర్వమును త్యజించి నడచి వచ్చెను. ఆమెకు దారిలో ఇల్లు లేదు, తోడు లేదు, వండిపెట్టువారు లేరు. కరమందలి లింగమొక్కటే కలదు. మన తెలుగునాటి మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుని దర్శింపగోరి కల్యాణమునకు ప్రయాణమై, మార్గమధ్యమున బసవని లింగైక్యవార్త విని దుఃఖించిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన చరిత్రమును ద్విపదగా రచించిన పాల్కురికి సోమనాథుడు అందలి పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికుల భక్తిని విపులముగ వర్ణించెను. ఆ యాత్రికులకు బాటయే పూజామందిరమైనది.

వీరందఱికంటె కష్టమైన ప్రయాణము చేసినవారు కల్యాణమున కలతలు చెలరేగిన పిదప ఊరు విడిచిన శరణులు. చెన్నబసవేశ్వరుని వెంట కొందఱు పశ్చిమారణ్యములందలి ఉళివికి చేరిరి. ఇల్లు పోయినది, పొలము పోయినది, ప్రాణమునకే నిలుకడ లేకుండెను. ఆ సమయమున వారు మోసికొనిపోయిన వానిలో వచనముల తాళపత్రములు కలవని మనవారు నేటికిని చెప్పుకొందురు. దేహముపై లింగము సరేసరి. అంతటి ఆపదలో ఆగని విధిని మనము రైలుటిక్కెట్టు చూపి ఆపుకొనుట యెంత తేలిక!

విడిచిపోవు తీరు

ఈ మాటలు వ్రాయుచున్న నేను నిర్దోషిని కాను. సుమారు ముప్పదియేండ్ల క్రిందట తెలుగు పండిత శిక్షణకై ఇల్లు విడిచి, దూరపు పట్టణమున నలుగురు మిత్రులతో ఒక అద్దెగదిలో ఏడాది యుంటిని. మొదటి వారము మారేడుపత్రి దొరకలేదు. పత్రి లేని పూజ యేమి పూజ యని మనసున కొఱత పడి, మొక్కుబడిగా ముగించితిని. రెండవ వారము కొళాయివద్ద బిందెల వరుస పెరుగుటచే ఉదయపు పూజ సాయంకాలమునకు మారినది. సాయంకాలము పాఠములు చదువవలసి వచ్చి ఆదివారమునకు మారినది. ఒకనాడు శివదారము తెగినది. రేపు క్రొత్తది కట్టుకొందునని లింగకాయను పెట్టెలో బట్టల నడుమ ఉంచితిని. ఆ "రేపు" నాలుగు మాసములైనను రాలేదు. ఎవరును నన్ను వలదనలేదు. మిత్రులెవరును నవ్వలేదు. తప్పంతయు నాదే.

సంక్రాంతికి ఇల్లు చేరితిని. స్నానమునకు నీళ్లు తోడుచున్న మా తల్లి నా ఱొమ్మువైపు చూచి, "లింగమేది నాయనా?" అని యడిగెను. పెట్టెలో నున్నదంటిని. ఆమె కోపింపలేదు. "గురువులు పెట్టెకు కట్టినారా?" అని మాత్రమనెను. పిదప తానే నూలు పేని శివదారము చేసి యిచ్చెను. ఆ యుదయము అరచేత లింగముంచుకొని కూర్చుండగా, నాలుగు మాసములు నేనెవరికి దూరమైతినో తెలిసి కన్నీరు వచ్చినది.

ఈ యనుభవము నాకు రెండు విషయములను నేర్పినది. మొదటిది, పూజను ఒక్కనాడు విడుతునని నిశ్చయించి విడుచువాడు అరుదు. ప్రతిదినము కొంచెము కొంచెముగ వాయిదా వేయుటచే అది తనంత తానే విడిపోవును. రెండవది, నా పతనము అశ్రద్ధతో మొదలుకాలేదు. పత్రి లేక పూజ పూర్ణము కాదను పట్టుదలతో మొదలైనది. అంతయు కుదిరిననే చేయుదుననువాడు కుదురనినాడు ఏమియు చేయడు. ప్రయాణమునకు ముందే "ఇంతకు తగ్గింపను" అను కనిష్ఠమైన హద్దు నేర్పఱచుకొనినవాడు ఆ హద్దుచే రక్షింపబడును.

మూడు కొలతలు

బోధసౌకర్యమునకై నిత్యవిధిని మూడు కొలతలుగ చెప్పుదును. ఇవి శాస్త్రనామములు కావు. ప్రతి కుటుంబము తమ గురువుల యనుమతితో తమకు తగినట్లు సవరించుకొనవచ్చును.

మొదటిది పూర్ణవిధి. స్నానము, విభూతి రుద్రాక్ష ధారణము, లింగమునకు అభిషేకము, పత్రి పుష్పములు, ధూపదీపములు, నైవేద్యము, మంత్రజపము, పాదోదక ప్రసాద స్వీకారము. ఇది ఇంటిలోను, మఠములోను, కొన్ని దినములు నిలిచియుండు బసలోను చేయదగినది.

రెండవది సంగ్రహవిధి. విభూతి, ఒక ఉద్ధరిణెడు నీరు, కరమందు లింగదర్శనము, నూటయెనిమిది పర్యాయములు షడక్షరీ జపము, భుజింపబోవు అన్నమును లింగమునకు చూపి ప్రసాదముగ స్వీకరించుట. ఇది సత్రములందు, అద్దెగదులందు, పనివారు కలిసియుండు శిబిరములందు సాగును. దీనికి పావుగంట చాలును.

మూడవది మార్గవిధి. నడచుచున్న రైలులో, బస్సులో, విమానములో చేయదగినది. నొసట విభూతి, వక్షమందలి లింగమునకు చేయి తాకించి నమస్కారము, మనసులో పంచాక్షరి, భోజనమునకు ముందు అర్పణభావము. ఇందులకు అయిదు నిమిషములు చాలును. కుదుపు లేక, జనసమ్మర్దము లేకున్న లింగమును కరమందు తీసికొనవచ్చును. కుదుపు గల చోట కాయ తెఱువకుండుటయే మేలు.

పూర్ణవిధి కుదురనిచోట సంగ్రహము, సంగ్రహము కుదురనిచోట మార్గవిధి చేయవలయును. నాలుగవ కొలత, అనగా ఏమియు చేయకుండుట, లేదు. ఈ పాఠమునందలి సారమిదియే.

ఏమి విడువవచ్చును, ఏమి విడువరాదు అని సంగ్రహముగ నడిగితిరేని: పత్రి, పుష్పము, ధూపము, హారతి, నియమితమైన వేళ, ప్రత్యేకమైన పీట, ఇవి ప్రయాణమున విడువదగినవి. లింగధారణము, విభూతి, మంత్రము, అర్పించి భుజించుట, ఇవి విడువరానివి. గురువు మనకిచ్చినవి ఈ నాలుగే. తక్కినవి మన శ్రద్ధ చేర్చిన అలంకారములు.

కొన్ని ప్రత్యేక సందర్భములు

రైలు బస్సులందు కర్పూరము, అగరువత్తి వెలిగింపరాదు. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిచియున్న యాత్రికుల రైలుపెట్టెలో గ్యాసు సిలిండరు వాడుటచే నిప్పంటుకొని 9 మంది మరణించిరి. తోటి ప్రయాణికునికి హాని కలిగించు దీపము శివునకు ప్రీతి కాదు. ఆ దీపమునకు బదులు రెండు నిమిషములు కన్నులు మూసికొని లింగమును తలచిన చాలును. అందఱును నిదుర లేవకముందే, తెల్లవారుజామున లేచినచో నీటికొళాయివద్ద రద్దీ యుండదు, ఎవరికిని అడ్డము కలుగదు.

లారీ నడుపువారు వాహనము నడుపుచు జపమునందు మనసు నిలుపరాదు. దారిమీద చూపు నిలుపుటయే అప్పటి వారి విధి. పెట్రోలు బంకువద్దనో, దాబావద్దనో బండి నిలిపి, స్నానము చేసి, పావుగంట కూర్చుండవచ్చును. ఎట్లయినను భోజనమునకు బండి నిలుపుదురు గదా. తినుటకు ముందు లింగమునకు చూపుట కొఱకు వేఱు సమయము అక్కఱలేదు.

విమానప్రయాణము చేయువారికి కొన్ని సూచనలు. వెండి లింగకాయను తనిఖీ యంత్రము గుర్తించి సవ్వడి చేయవచ్చును. కలవరపడక "ఇది మా మతచిహ్నము, మేము దేహముపై ధరింతుము" అని వినయముగ చెప్పి, చూడగోరినచో ప్రక్కగదిలో చూపుదుమని అడుగవలయును. చేతిసంచిలో నూఱు మిల్లీలీటర్లకు మించిన నీటిసీసా అనేక విమానాశ్రయములందు అనుమతింపబడదు. కావున అభిషేకజలమును వెంట గొనిపోవ నక్కఱలేదు. విభూతి పొడికంటె చిన్న విభూతిపండు సౌకర్యము. మారేడుపత్రి, పూలు, పండ్లు మొదలగు పచ్చివస్తువులను అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశములలోనికి ప్రకటింపక కొనిపోరాదు. అచ్చటి పంటలకు తెగుళ్లు సోకకుండుటకై ఆ నియమము. పత్రి లేకున్నను పూజ సాగునని ముందే చెప్పితిని.

దేశాంతరమున వేళ విషయము. దుబాయి గడియారము మన గడియారముకంటె గంటన్నర వెనుక. అమెరికా తూర్పుతీరము వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వెనుక. ఇచ్చటి ఉదయమును లెక్కించుకొని అచ్చట అర్ధరాత్రి లేవ నవసరము లేదు. లింగము మన దేహముతో వచ్చినది. దేహమునకు ఎచ్చట తెల్లవారునో లింగమునకును అచ్చటనే తెల్లవారును. రాత్రిపాళీలో పనిచేయువారు తాము నిదుర లేచినపుడు, మొదటి యన్నమునకు ముందు పూజ చేయుట సులభమైన నియమము.

ఒకే గదిలో ఆరుగురు, ఎనమండుగురు కలిసి నివసించు కార్మికులకు ఏకాంతము దొరకదు. అట్టివారు తమ పడకమీదనే గోడవైపు తిరిగి కూర్చుండి పూజించుకొనవచ్చును. గట్టిగా మంత్రోచ్చారణము చేయ నక్కఱలేదు. ఎవరైన అడిగినచో దాచక రెండు మాటలలో చెప్పవలయును, అడుగనిచో ప్రదర్శింపరాదు.

కాయకము మాటున సోమరితనము

"శరణులు కాయకమునకే పెద్దపీట వేసిరి గదా, మా పని మాకు పూజ" అని కొందఱు యువకులు వాదింతురు. నులియ చందయ్య కథను ఉదాహరింతురు. ఆ శరణుడు చెఱువులో గడ్డి కోయుచుండగా లింగము జాఱి నీటిలో పడెననియు, ఆయన కాయకము మానక సాగిపోగా లింగమే ఆయనను వెంబడించెననియు కథ. కాని ఆ చందయ్య ఎవరికొఱకు గడ్డి కోసెను? నులక పేని, అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము చేయుటకు. ఆయన కాయకము ఆద్యంతము అర్పణమే. మన సంపాదనలో దాసోహమునకు ఎంత పోవుచున్నదో లెక్క చూచుకొనిన పిదప ఆ కథను మన పక్షమున చెప్పుకొనవలయును. కాయకము పూజను రద్దు చేయదు. కాయకమును పూజగా మార్చునది ఉదయమున కరమందు చూచిన ఆ లింగమే.

దీనికి మఱియొక ప్రక్కయు కలదు. పూజ పేరిట తోటి పనివారిని కాచియుంచుట, రైలులో స్నానపుగదిని అరగంట ఆక్రమించుట, ఆతిథ్యమిచ్చిన యింటివారిని "ఇది కావలె, అది కావలె" అని వేధించుట, ఇవియు లింగాచారము కావు. విదేశమందలి కోడలు ఉద్యోగమునకు పోవు తొందరలో నుండగా అత్తగారు పూలకొఱకు అలుగరాదు.

బయలుదేరుటకు ముందు, తిరిగి వచ్చిన పిమ్మట

ప్రయాణమునకు ముందు శివదారమును పరీక్షించి, నలిగియున్న మార్చుకొని, మఱియొక దారమును సంచిలో నుంచుకొనవలయును. లింగకాయ మూత బిగువుగ నున్నదో లేదో చూడవలయును. స్నానమునకు లింగమును తీసి గూటిలో పెట్టు అలవాటు ఇంటిలో ప్రమాదము కాకున్నను సత్రములో ప్రమాదమే. మఱచిపోయి వచ్చినవారెందఱో కలరు. ఒకవేళ లింగము పోయినచో, లేక భిన్నమైనచో, దిగులుతో కుమిలిపోరాదు, దాచిపెట్టి ఊరకుండనురాదు. గురువులకు, లేక తెలిసిన మఠమునకు వెంటనే తెలియజేసి, వారి యాజ్ఞ ప్రకారము నడచుకొనవలయును. అంతవరకు మంత్రమును, విభూతిని విడువరాదు.

కాశీయందు జంగమవాడి మఠము, కేదారమార్గమున ఊఖీమఠము, శ్రీశైలమున మఠములు మన యాత్రికులకు తెలిసినవే. దారిలో మఠమున్నచోట ఒక దినము నిలిచి పూర్ణవిధి నాచరించుట బాటసారికి గొప్ప బలము. మఠాధిపతులకును ఒక విన్నపము. దీక్ష యిచ్చునపుడే బాలబాలికలకు ఈ సంగ్రహవిధిని కూడ నేర్పుడు. ఇంటిపూజ మాత్రమే నేర్చిన బిడ్డ వసతిగృహమునకు పోయిననాడు పూజ లేనివాడగుచున్నాడు.

తల్లిదండ్రులు దూరముననున్న బిడ్డలతో ఫోనులో మాటలాడునపుడు "తింటివా?" అని అడుగుదురు. దానితో పాటు "లింగమునకు చూపి తింటివా?" అని అడుగుడు. కసరి అడుగవలదు. నన్ను మా తల్లి యడిగినట్లు అడుగుడు.

ఇల్లు చేరిన మొదటి యుదయముననే మార్గవిధి ముగిసి పూర్ణవిధి ఆరంభము కావలయును. అలసట పేరిట ఇంకొక దినము వాయిదా వేసినచో ప్రయాణపు సడలింపు ఇంటి యలవాటగును. బాటలో కొంచెముగనైన నిలుపుకొనినవానికి ఇంటిలో మరల పెంచుకొనుట కష్టము కాదు. బాటలో పూర్తిగ విడిచినవాడే ఇంటిలో క్రొత్తగ మొదలుపెట్టవలసి యుండును.

మననము చేయదగిన ప్రశ్నలు

1. ఇష్టలింగమును దేహముపైననే ధరింపవలెననుటలో ప్రయాణికునికి గల యుపకారమేమి?

2. పంచసూతకములు లింగార్చనమునకు అడ్డు కావనుటను ప్రయాణమునకు ఎట్లు అన్వయింపవచ్చును?

3. నిత్యవిధిలో విడువదగినవేవి, విడువరానివేవి?

4. మీ కుటుంబమున దూరముననున్నవారెవరు? వారికి తగిన సంగ్రహవిధిని వారితో కలిసి నిర్ణయింపుడు.

శరణు శరణార్థి.